పీఆర్‌ను అమ్మే హక్ ఎవరికీ లేదు, మరి మనం దేన్ని కొంటున్నాం?

మొన్న జుమ్మా నమాజ్ అయ్యాక జనగామలో మసీదు బయట చెప్పులు తొడుక్కుంటుంటే ఒక పెద్దాయన భుజం మీద చెయ్యేసి అడిగాడు: "క్యా మియా, మీ భాంజాకు గ్రీన్‌కార్డ్ వచ్చిందా?"

ఆయన నియ్యత్ మంచిదే. నేను నవ్వి "దువా చెయ్యండి చాచా" అని తప్పించుకున్న. కానీ ఆ సవాల్ ఇంటిదాకా నా వెంబడే వచ్చింది. భాంజా అమెరికా పోయి నాలుగేళ్లు దాటింది. ఎమ్మెస్ అయిపోయింది. నౌకరీ దొరికింది, పోయింది, మళ్లీ దొరికింది. హెచ్-1బీ లాటరీలో రెండు సార్లు పేరు వేశారు, రెండు సార్లూ రాలేదు. ఈ మార్చిలో వేసేది ఆఖరి సారి. అదీ రాకపోతే జూన్‌లో మూటాముల్లె సర్దుకోవాలి. వాడి లోన్ కాగితాల మీద జమానత్ సంతకం నాది. అసలు "పోనియ్ ఆపా, రెండేళ్ల చదువు, ఇంకో మూడేళ్లకు సెటిల్ అయిపోతాడు" అని మా ఆపాకు చెప్పి ఒప్పించింది కూడా నేనే. కాబట్టి ఈ రోజు ఎవర్ని తిట్టినా ముందు నన్ను నేను తిట్టుకున్నాకే తిడుతున్న.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే బాత్. స్టూడెంట్ వీసాలో పీఆర్ లేదు. అది టికెట్‌తో పాటు వచ్చే భోజనం కాదు. చదువుకు ఎంత విలువ ఉందో అంత పెట్టండి. పీఆర్ పేరు మీద ఒక్క పైసా పెట్టకండి. ఎందుకంటే దాన్ని అమ్మే హక్ ఏ కన్సల్టెన్సీకీ లేదు, ఏ యూనివర్సిటీకీ లేదు. లేని సరుకుకు మనం ఇళ్లూ జాగాలూ తాకట్టు పెడుతున్నాం.

మూడు ఊళ్లు, మూడు ఇళ్లు

మా ఆపా ఇంటి సంగతి చెప్పిన. సూద్ హరామ్ అని ఫ్రిజ్ కూడా కిస్తుల మీద తేనివాడు మా దుల్హాభాయ్. అలాంటి మనిషి "తాలీమ్ కోసం కదా, మజ్బూరీ కదా" అని మనసుకు సర్దిచెప్పుకుని ముప్పై లక్షల లోన్ తీసుకున్నాడు. పన్నెండు శాతం వడ్డీ. లెక్క వెయ్యండి: ఏడాదికి మూడు లక్షల అరవై వేలు, నెలకు ముప్పై వేలు. ఇది వడ్డీ ఒక్కటే, అసలు జోలికి పోలేదు. జనగామలో టైలర్ షాపు నడిపే ఇంట్లోకి నెలకు ముప్పై వేలు ఎన్నడన్నా మిగిలినయా?

మానుకోటలో మిర్చి యార్డులో పనిచేసే ఒక భాయి ఉన్నాడు. బిడ్డ షాదీకని దాచిన రెండు వందల గజాల జాగా అమ్మి పెద్ద కొడుకును కెనడా పంపాడు. రెండేళ్ల డిప్లొమా. "చదువు అయిపోగానే మూడేళ్ల వర్క్ పర్మిట్, ఆ తర్వాత పీఆర్ పక్కా" అని చెప్పి పంపారట. ఇప్పుడు ఆ పర్మిట్‌లో మిగిలింది ఎనిమిది నెలలు. పాయింట్లు నాలుగు వందల డెబ్బై. ఇంట్లో అందరికీ ఆ అంకె నోటికొచ్చు, దాంతో ఏమైతదో ఎవరికీ తెలియదు.

భూపాలపల్లిలో సింగరేణి నుంచి దిగిపోయిన ఒక చాచా, వచ్చిన పైసల్లో సగం పెట్టి బిడ్డను ఇంగ్లండుకు పంపాడు. వాళ్ల ఖాందాన్‌లో సముందర్ దాటిన మొదటి ఆడపిల్ల. ఏడాది మాస్టర్స్ చేసింది. తర్వాత రెండేళ్ల గ్రాడ్యుయేట్ వీసా. మధ్యలో వచ్చి నికా చేసుకుని పోయింది. దుల్హన్ అక్కడ, దుల్హా ఇక్కడ. ఆ వీసా మీద కొత్తగా భర్తను పిలుచుకునే వీలు లేదని నికా అయ్యాకే తెలిసింది. రెండేళ్లూ అయిపోవచ్చినయి.

ఈ ముగ్గురు పిల్లలూ ఆవారాలు కాదు. చదివారు, పాస్ అయ్యారు, రాత్రిళ్లు పెట్రోల్ బంకుల్లో, గోడౌన్లలో నిలబడ్డారు. తప్పు పిల్లల్లో వెతకకండి.

గల్ఫ్ ఝూట్ చెప్పలేదు

మన అబ్బాలు, చాచాలు సౌదీ, దుబాయ్, కువైట్ పోయారు. కష్టాలు పడ్డారు. కఫీల్ పాస్‌పోర్ట్ గుంజుకున్న కథలు ప్రతి గల్లీలో ఉన్నయి. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. గల్ఫ్ మన మొహం మీద సచ్ చెప్పింది: "నువ్వు మజ్దూర్‌వి. ఇఖామా ఉన్నన్నాళ్లు ఉండు, అయిపోతే పో." 2019లో సౌదీ ప్రీమియం రెసిడెన్సీ పెట్టినా, శాశ్వతంగా ఉండేదానికి ఎనిమిది లక్షల రియాళ్లు ధర కట్టింది. అది మన మేస్త్రీల కోసం కాదని అందరికీ తెలుసు. అందుకే గల్ఫ్ పోయిన మనిషి మొదటి రోజు నుంచే వాపసీ లెక్క వేసుకున్నాడు. ఊళ్లో ఇల్లు కట్టాడు, బిడ్డల షాదీలు చేశాడు, తిరిగొచ్చి దుకాణం పెట్టాడు. వాపస్ వచ్చినందుకు ఎవరూ అతన్ని హేళన చెయ్యలేదు.

అమెరికా, కెనడా, బ్రిటన్ అలా చెప్పవు. స్థానికుల కన్నా ఎన్నో రెట్లు ఫీజు తీసుకుంటాయి, టాక్స్ తీసుకుంటాయి, కిరాయి తీసుకుంటాయి. పిల్లవాడు "ఇక నేను ఉండొచ్చా?" అని అడిగిన రోజు వేరే కిటికీ చూపిస్తాయి. ఆ కిటికీ దగ్గర ఇంకో కిటికీ. మేమాన్‌లా పిలిచి ముసాఫిర్‌లా నిలబెట్టడం అంటే ఇదే.

మొదటి అడుగులోనే పేచీ

అమెరికా వీసా ఇంటర్వ్యూ సంగతి చూడండి. అక్కడి ఇమ్మిగ్రేషన్ చట్టంలో 214(బీ) అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం కిటికీ ముందుకొచ్చిన ప్రతి విద్యార్థినీ "వీడు ఇక్కడే ఉండిపోయేవాడు" అనుకునే ఆఫీసర్ మొదలుపెట్టాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది పిల్లవాడు. అంటే "చదువయ్యాక వాపస్ వస్తా, మా ఇల్లూ వాకిలీ జనగామలోనే ఉన్నయి" అని చెప్తేనే స్టాంపు పడుతుంది. మరి ఇంట్లో? "అక్కడే సెటిల్ అవ్వాలి యా అల్లా" అని అమ్మీ దువా. కన్సల్టెన్సీలో? "సెటిల్ గ్యారంటీ" అని పోస్టర్.

చదువుకునేటప్పుడు మనసు మారి ఉండిపోవాలనుకోవడం నేరం కాదు. దానికి వేరే దారులు చట్టమే పెట్టింది. కానీ ఇరవై రెండేళ్ల పిల్లవాడికి కిటికీ దగ్గర ఒక మాట, ఇంట్లో ఇంకో మాట నేర్పి పంపుతున్నది మనం. సచ్ బోల్నా అని మక్తబ్‌లో నేర్పినవాళ్లమే.

ఒక దర్వాజా కాదు

అమెరికాలో ఎఫ్-1 వీసా నుంచి గ్రీన్‌కార్డ్ దాకా ఎన్ని దర్వాజాలో విడమర్చి చెప్తా, మన ఇళ్లలో ఎవరూ చెప్పరు కాబట్టి.

చదువు అయ్యాక ఓపీటీ. పన్నెండు నెలలు పని చెయ్యొచ్చు. ఇంజనీరింగ్, సైన్స్, లెక్కల కోర్సులైతే ఇంకో ఇరవై నాలుగు నెలలు. ఆ మొదటి పన్నెండు నెలల్లో మొత్తం కలిపి తొంభై రోజులకు మించి నౌకరీ లేకుండా ఉండకూడదు. తర్వాత హెచ్-1బీ. ఏడాదికి 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. 2025 మార్చిలో పేరు వేసుకున్నవి మూడు లక్షల ముప్పై వేలకు పైనే. అందుకే లాటరీ. ఈసారి నుంచి ఆ లాటరీ కూడా బరాబర్ కాదు. ఎక్కువ జీతం లెవెల్ ఉన్నవాడి పేరు నాలుగు సార్లు వేస్తారు, అట్టడుగు లెవెల్ వాడి పేరు ఒక్కసారి. కొత్తగా చదువు ముగించిన మన పిల్లలు ఏ లెవెల్‌లో ఉంటారో మీరే సోంచాయించండి.

లాటరీ రాకపోతే "ఇండియా పోయి మళ్లీ వస్తా" అనే ఉమ్మీద్ కూడా సన్నబడింది. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ ఇచ్చిన ఫర్మానా ప్రకారం అమెరికా బయట ఉన్నవాడికి కొత్తగా హెచ్-1బీ వెయ్యాలంటే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. లోపల ఉండి స్టూడెంట్ నుంచి మారేవాళ్లకు అది వర్తించదని తర్వాత చెప్పారు. అంటే ఒకసారి గడప దాటి బయటికొస్తే మళ్లీ లోపలికి పిలిచే ధర లక్ష డాలర్లు.

సరే, హెచ్-1బీ వచ్చిందనుకోండి. మూడేళ్లు, ఇంకో మూడేళ్లు. నౌకరీ పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. ఈ లోపు కంపెనీ దయతలచి "ఈ పనికి మాకు అమెరికన్ దొరకలేదు" అని లేబర్ సర్టిఫికేషన్ వెయ్యాలి. తర్వాత ఐ-140 పిటిషన్. అవి మంజూరు అయితే, అప్పుడు, అక్కడ, గ్రీన్‌కార్డ్ లైన్ మొదలవుతుంది. పిల్లవాడు విమానం ఎక్కిన రోజు కాదు.

2013 దగ్గర ఆగిన లైన్

ఆ లైన్ ఎంత పొడవు? ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000. భార్యాపిల్లలు కూడా అందులోనే లెక్క. 1990 చట్టం ప్రకారం ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ ఏడు శాతానికి మించి ఇవ్వకూడదు. అంటే సుమారు 9,800. నూట నలభై కోట్ల హిందుస్తాన్‌కూ అదే హద్దు, మన పాత వరంగల్ జిల్లా అంత జనాభా కూడా లేని ఐస్‌లాండ్‌కూ అదే హద్దు. పౌరసత్వం కాదు, పుట్టిన చోటు చూస్తారు. మన పిల్లవాడితో ఒకే క్లాస్‌లో చదివి, ఒకే ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చున్న నేపాల్ పిల్లవాడు రెండు మూడేళ్లలో దాటిపోతాడు. మనవాడు కూర్చునే ఉంటాడు. పుట్టుకను బట్టి నసీబ్ తేల్చే లెక్క మనకు కొత్తది కాదు, కానీ అక్కడ అది ఉండదని చెప్పి కదా పంపాం?

2025 డిసెంబర్ వీసా బులెటిన్‌లో ఇండియా ఈబీ-2, ఈబీ-3 రెండు లైన్లూ 2013 దగ్గరే ఉన్నయి. అంటే 2013లో దరఖాస్తు పడినవాళ్లను అప్పుడు పిలుస్తున్నారు.

ఇప్పుడు ఆ సంవత్సరాన్ని మన సంవత్సరాల పక్కన పెట్టి చూడండి. మనకు నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది 2007లో. ఆ సీట్లలో చేరిన మొదటి బ్యాచ్ ఇంజనీర్లు కాలేజీ నుంచి బయటికొచ్చింది 2011లో. విదేశీ చదువుకు మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ సర్కారు స్కీం పెట్టింది 2015లో. మన మొహల్లాల నుంచి పిల్లలు గుంపులుగా పోయింది ఆ తర్వాతే. లైన్ మాత్రం 2025 డిసెంబర్‌లో కూడా 2013 దగ్గరే నిలబడి ఉండె. ఆ స్కీంలో పోయి ఈ లైన్లో నిలబడ్డ మొదటి పిల్లవాడి వంతు కూడా ఇంకా రాలేదు. మనం ఎక్కే బస్సు మనం స్టాండుకు రాకముందే నిండిపోయింది.

ఇది ఈ రోజు మొదలైన కథ కూడా కాదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ అనే సిక్కు సైనికుడి కేసులో హిందుస్తానీలు తెల్లవాళ్లు కాదు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తీర్పిచ్చింది. 1946లో ఏడాదికి వంద మందికి కోటా ఇచ్చారు. 1965లో దర్వాజా పెద్దగా తెరిచారు. ప్రతిసారీ తెరిచిన చెయ్యే గొళ్లెం కూడా పట్టుకుని ఉంది. తాళం చెవి వాళ్ల జేబులో ఉన్న ఇంటికి, మనం ఇక్కడ రిజిస్ట్రేషన్ ఫీజు కడుతున్నాం.

ఇంకో దర్ద్ ఉంది. హెచ్-1బీ మీద ఉన్న తల్లిదండ్రుల వెంట చిన్నప్పుడే పోయిన పిల్లలు ఇరవై ఒక్కటి దాటగానే ఆ లైన్ నుంచి బయటికి పడతారు. అక్కడే పెరిగి, తెలుగూ ఉర్దూ రెండూ సరిగ్గా రాని పిల్లకు "ఇక నీ దారి నువ్వు చూసుకో" అంటారు.

కెనడా "పక్కా", బ్రిటన్ "ఓపెన్"

అమెరికా కష్టం అని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు. అందుకే దుకాణాల బోర్డులు మారినయి: "కెనడా పీఆర్ పక్కా."

కెనడాలో పీఆర్ పాయింట్ల ఆట. వయసు, చదువు, భాష, అక్కడి పని అనుభవం కలిపి పాయింట్లు. 2025లో కెనడా అనుభవం ఉన్నవాళ్ల కోసం తీసిన డ్రాలు ఒక్కటీ 500కు రాలేదు, అన్నీ పైనే ఆగినయి. మానుకోట భాయి కొడుకు 470 ఎక్కడ? పైగా 2024 అక్టోబర్‌లో అక్కడి సర్కారు పీఆర్ సంఖ్యనే తగ్గించేసింది. 2025కు అయిదు లక్షలు అనుకున్నది 3,95,000 చేసింది. కంపెనీ జాబ్ ఆఫర్ ఉంటే ఇచ్చే అదనపు పాయింట్లు 2025 మార్చిలో తీసేసింది. ఎందుకంటే ఆఫర్ లెటర్లు సంతలో మేకల్లాగా అమ్ముడుపోయినయి. ఇప్పటికీ "లెటర్ ఇప్పిస్తా" అని ఎవరన్నా పైసలు అడిగితే వాడు మీకు చచ్చిన మేకను అమ్ముతున్నాడు.

కానీ చూడండి, అదే ఏడాది ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు నాలుగు వందల ప్రాంతంలోనే పిలుపు వచ్చింది. కన్సల్టెన్సీకి కట్టిన లక్షన్నరతో ఆ పిల్లవాడు ఇక్కడే కూర్చుని ఏడాది ఫ్రెంచ్ నేర్చుకుంటే? ఆ మాట వాళ్లు చెప్పరు. ఫ్రెంచ్ నేర్చుకుంటే కమీషన్ రాదు.

బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు ఏడాదిన్నరే. ఆ తర్వాత ఉండాలంటే లైసెన్స్ ఉన్న కంపెనీ స్పాన్సర్ చెయ్యాలి. మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం, కొత్తగా చదువు ముగించినవాళ్లకు 33,400. అయిదేళ్లు అలా పని చేస్తే పర్మనెంట్ అడగొచ్చు అన్నది పాత లెక్క. దాన్ని పదేళ్లు చేస్తామని 2025 మేలో సర్కారు ప్రకటించింది. అసలు సంగతి: చదివిన ఏడాది, గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్న రెండేళ్లు ఆ అయిదులో లెక్కకు రావు. భూపాలపల్లి బిడ్డ మూడేళ్లు అక్కడ ఉంది. పర్మనెంట్ లెక్కలో ఆమె ఉన్నది సున్నా రోజులు.

జర్మనీ కొంత సాఫ్‌గా మాట్లాడుతుంది. అక్కడ చదివినవాడికి నౌకరీ వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలు. చదువుకు తగిన నౌకరీలో రెండేళ్లు పని చేస్తే, జర్మన్ భాష బీ-1 స్థాయి వస్తే, శాశ్వత నివాసం అడగొచ్చు. లాటరీ లేదు, దేశాల కోటా లేదు. కానీ ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, భాష నేర్వాలి. ధర ఉంది, కానీ బోర్డు మీద రాసి ఉంది.

దలాల్ల బజార్

2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగినప్పుడు రోడ్డున పడ్డవాళ్లలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు పశువులకు కట్టినట్టు ట్రాకర్లు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. అది అక్కడి ఇమ్మిగ్రేషన్ వాళ్లే వల పన్ని పెట్టిన నకిలీ కాలేజీ. 129 మంది హిందుస్తానీ విద్యార్థులను పట్టుకున్నారు, అందులోనూ ఎక్కువమంది తెలుగువాళ్లే. పిల్లల్ని చేర్పించి కమీషన్ తిన్నందుకు ఎనిమిది మంది దలాల్లను అరెస్టు చేశారు. ఆ పిల్లలు అక్కడ చేరింది ఎందుకు? చాలామందికి లాటరీ రాలేదు, స్టేటస్ కాపాడుకోవాలి, ఇంటి దగ్గర ఖర్జ్ ఉంది, వాపస్ పోతే మొహం చెల్లదు.

ఆఖరి మాట మళ్లీ చదవండి. వాపస్ పోతే మొహం చెల్లదు. ఆ షర్మ్‌ను తయారు చేసింది అమెరికా కాదు, మనం. జుమ్మా తర్వాత చెప్పులు తొడుక్కుంటూ అడిగే ఆ ఒక్క సవాల్ తయారు చేసింది. రిష్తాల దగ్గర "లడ్కాకు పీఆర్ ఉందా?" అని అడిగి, ఉందంటే జోడే కీ రఖమ్ పెంచే రివాజ్ తయారు చేసింది. దలాల్ అమ్మేది ఆ షర్మ్ నుంచి తప్పించుకునే మందు. గిరాకీ మనమే.

"ఇంకొకళ్ల వంతప్పుడు లేని అడ్డం మా వంతుకే ఎందుకు?"

నాకు తెలుసు, ఇది చదువుతూ కొందరు భాయియోంకు గుస్సా వస్తుంది. "పెద్ద కులాల పిల్లలు ముప్పై ఏళ్ల కింద పోయి ఇళ్లు కొన్నారు, టెస్లాలు కొన్నారు. సచార్ కమిటీ, సుధీర్ కమిషన్ మన బద్‌హాల్ లెక్కలతో రాసి చేతిలో పెట్టినయి. ఇక్కడ నౌకరీలు లేవు, కిరాయికి ఇల్లు అడిగితే పేరు చూసి మొహం తిప్పుతారు. ఇప్పుడు మా వంతు వస్తే నువ్వు వద్దంటున్నావా?"

ఈ గుస్సా సహీ గుస్సా. నా దగ్గర దానికి తీపి జవాబు లేదు. ముందు పోయినవాళ్లు తెరిచి ఉన్న దర్వాజాలోంచి పోయారు, మనం వచ్చేసరికి మూస్తున్నారు. అది నాఇన్సాఫీ. కానీ మూసుకుపోతున్న దర్వాజాకు తల కొట్టుకుంటే పగిలేది తలే.

నేను పోవద్దనడం లేదు. పొండి. ఇల్మ్ కోసం పొండి. మంచి యూనివర్సిటీ, మంచి కోర్సు, పనికొచ్చే హునర్ కోసం పొండి. పోయేముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక్క సవాల్ వేసుకోండి: పిల్లవాడు చదువు అవ్వగానే వాపస్ వస్తే, ఈ ఖర్జ్ ఇక్కడి జీతంతో తీరుతుందా?

తీరుతుందంటే బిస్మిల్లా అని పంపండి. స్కీం పైసలు ఇరవై లక్షలు వచ్చి, పైన పది లక్షలు అప్పు ఉంటే వడ్డీ నెలకు పది వేలు. హైదరాబాద్‌లో నౌకరీ చేసి తీర్చొచ్చు. అక్కడ ఉండగలిగితే అది అల్లా ఇచ్చిన అదనం. తీరదంటే, ముప్పై నలభై లక్షల లోన్ పీఆర్ ఉమ్మీద్ మీదే నిలబడి ఉంటే, అది చదువు కాదు, జువా. జువా మనకు హలాల్ ఎన్నడైంది?

నేను నా ఆపాకు ఆ సవాల్ వెయ్యలేదు. వేసి ఉంటే మేం అప్పుడే వేరే ఫైస్లా చేసేవాళ్లం.

సర్కారు కూడా జవాబు చెప్పాలి

సర్కారు స్కీం మంచిది. ఏడాదికి అయిదు లక్షల లోపు ఆమ్దనీ ఉన్న ఇంటి పిల్లలకు ఇరవై లక్షలు చిన్న సంగతి కాదు. కానీ ఆ పైసలు ఎప్పుడొస్తయి? మొదటి పది లక్షలు అక్కడ దిగినట్టు కాగితం చూపించాక. రెండో పది మొదటి సెమిస్టర్ రిజల్ట్ తర్వాత. అంటే ఫీజుకూ, బ్యాంకు బ్యాలెన్స్ చూపించడానికీ, టికెట్‌కూ పేదోడు ముందే అప్పు చెయ్యాలి. అయిదు లక్షల ఆమ్దనీ ఇంటికి అప్పు ఎవడిస్తాడు? సూద్ వాడే ఇస్తాడు. స్కీం పేదవాడి కోసం, తరీఖా పైసలున్నవాడి కోసం.

అందుకే మా డిమాండ్లు మూడు. ఒకటి, మొదటి కిస్తు వీసా రాగానే, విమానం ఎక్కేముందే ఇవ్వాలి. రెండు, మంజూరు కాగితం చేతిలో పెట్టే రోజు పిల్లవాడినీ తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి తెలుగులో, ఉర్దూలో ఆయా దేశాల వీసా రూల్స్ సచ్‌గా చెప్పాలి. దానికి మైనారిటీ స్టడీ సర్కిల్ ఉంది కదా. మూడు, వాపస్ వచ్చిన పిల్లలను వదిలెయ్యొద్దు. ప్రజల పైసలతో చదివించిన పిల్లవాడు తిరిగొస్తే వాడి హునర్ ఇక్కడ పనికొచ్చే దారి చూపాలి. నర్సింగ్ లాంటి పనులకు భాష నేర్పి జర్మనీ, జపాన్ పంపే టామ్‌కామ్ సర్కారుదే. దాని పేరు మన మానుకోట, భూపాలపల్లి గల్లీల్లో ఎంతమంది విన్నారు?

కాగితాలు ఇప్పుడే సరిచెయ్యండి

ఒక చిన్న సంగతి, కానీ చానా ఇళ్లలో ముంచుతున్నది. మన పిల్లల మెమోల్లో "ఎండీ", ఆధార్‌లో "మొహమ్మద్", పాస్‌పోర్ట్‌లో ఇంకో స్పెల్లింగ్. "ఎస్‌కే" ఒకచోట, "షేక్" ఒకచోట. అన్నారం దర్గా మొక్కు మీద యాకూబ్ పాషా అని పెట్టుకున్న పేరు ఒక్కో కాగితంలో ఒక్కో తీరు. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఇంటిపేరు గడిలో పడితే అమెరికా వీసా మీద "మొదటి పేరు తెలియదు" అని అర్థం వచ్చే ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. ఆ మూడు అక్షరాలు డ్రైవింగ్ లైసెన్స్ దాకా వెంటాడతయి. గ్రీన్‌కార్డ్ దాకా పోయినవాడికి బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇంట్లో పుట్టి ఎక్కడా నమోదు కాని పిల్లలు మనలో ఎంతమంది! పీఆర్ కోసం కాదు, ఏ నౌకరీకైనా పనికొస్తుంది. పదో తరగతి ఫారం నింపే రోజే పేరు పూర్తిగా రాయించండి. బర్త్ సర్టిఫికెట్ లేకపోతే ఆలస్యం నమోదుకు ఆర్డీవో ఆఫీసులో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి.

మనవంతు

మసీదు కమిటీల పెద్దలకు నా గుజారిష్: నెలకు ఒక ఇత్వార్, జుహర్ తర్వాత ఒక గంట ఇవ్వండి. అక్కడ చదివి వాపస్ వచ్చినవాళ్లను, అక్కడి నుంచి సెలవుకు వచ్చినవాళ్లను కూర్చోబెట్టండి. పోయే పిల్లలు అడగాల్సింది అడుగుతారు. కన్సల్టెన్సీ ఏసీ రూమ్‌లో దొరకని సచ్ అక్కడ దొరుకుతుంది, ఫీజు లేకుండా.

పర్దేశ్‌లో ఉన్న పిల్లలారా, మీకూ ఒక మాట. కిరాయి కారు ముందు నిలబడి ఫోటో పెట్టడం ఆపండి. మీ ఫోటో చూసి ఇక్కడ ఇంకో అబ్బా జాగా బేరం పెడుతున్నాడు. లాటరీ రాలేదని, పాయింట్లు చాలలేదని ఇంట్లో చెప్పండి. మీ అమ్మీ గట్టిది, తట్టుకుంటుంది. తట్టుకోలేనిది మీరు దాచినప్పుడే.

ఆడపిల్లల తల్లిదండ్రులారా, వీసా ముద్ర చూసి కాదు, మనిషిని చూసి రిష్తా చెయ్యండి. వీసా మారుతుంది. మనిషి మారడు.

నిన్న రాత్రి భాంజా ఫోన్ చేశాడు. "మామూ, మార్చిలో రాకపోతే ఏం చెయ్యాలె?" అన్నాడు. నాలుగేళ్ల కింద అయితే "వస్తది బేటా, ఉమ్మీద్ పెట్టుకో" అనేవాడిని. ఈసారి అలా అనలేదు. "రాకపోతే ఇంటికి రా. సంతకం నాది కూడా. ఖర్జ్ ఇద్దరం కలిసి తీర్చుదాం. మీ అమ్మీతో నేను మాట్లాడిన" అన్న. అటునుంచి చానాసేపు సప్పుడు లేదు. తర్వాత "షుక్రియా మామూ" అన్నాడు.

వచ్చే జుమ్మా మళ్లీ ఎవరన్నా గ్రీన్‌కార్డ్ గురించి అడుగుతారు. ఈసారి తప్పించుకోను. "రాలేదు చాచా. రాకపోవచ్చు కూడా. వాడు మాత్రం మంచిగున్నాడు, చదువుకున్నాడు. వాపస్ వస్తే సలాం చెయ్యడానికి మీ ఇంటికే మొదట పంపిస్తా" అని చెప్తా. మీ ఇళ్లలో కూడా ఎవరన్నా అడిగితే ఇట్లనే చెప్పండి.